గాజుల మొగ గంగమ్మ చేపని కొలిచిన కథ

మా గాజుల మొగకి రావాలంటే బస్సు దిగి ఇసకలో నడవాలి. దారి తప్పితే ఎండుచేపల వాసన పట్టుకుని వచ్చేయండి. ముక్కున్నోడెవడూ ఇంతవరకు తప్పిపోలేదు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఆ ఒడ్డునే గంగమ్మ తల్లి గుడి. గుడి చిన్నదే గానీ, చుట్టుపక్కల గుళ్ళన్నీ కలిపి తూచినా మా తల్లి మహిమే బరువు. అమ్మవారి ఎడం చేతికి మోచెయ్యి దాకా గాజులుంటాయి. కుడి చెయ్యి బోడి. జాలిపడి మీరేమీ తొడగబోకండి, పూజారి కోప్పడతాడు. అదెందుకలా ఉందో చెప్తాం.

పూర్వం ఇక్కడ గరికిన కొర్లయ్య అని ఒక వలకాడు ఉండేవాడు. మా ముత్తాతకి ముత్తాత, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాం. ఆయన వల విసిరితే మబ్బు కమ్మినట్టయ్యి, పొద్దుపోయిందనుకుని కొంగలు గూళ్ళకి పోయేవంట. ఒక ఏడు ఆయన దోమ కూడా దూరనంత సన్న వల అల్లాడు. "ఇంక ఈ ఏట్లో ఏ సేపైనా నన్నడిగే ఈదాల" అని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. వేలెడు పిల్లలు, గోరంత పిల్లలు, అన్నీ వచ్చేశాయి. అది చూసి ఊరోళ్ళూ అలాంటి వలలే అల్లుకున్నారు. తినగా మిగిలింది కొబ్బరిచెట్లకి ఎరువేశారు.

మరుసటేడు ఏరు ఖాళీ. వల వేస్తే నాచు, పెంకులు. కొర్లయ్య పెళ్ళాం పైడమ్మ గంప నెత్తిన పెట్టుకుని సంతకి పోవడమే మానేసింది. పిల్లలకి పలచటి గంజే కూడు.

"ఏటి మావా, సేపలు నిన్నడక్కుండానే ఎల్పోనాయా?" అని ఎత్తిపొడిచేది.

ఒకరోజు వల్లో చేప పడలేదు గానీ శంఖంతో చేసిన గాజు ఒకటి పడింది. కొర్లయ్య మురిసిపోయి పైడమ్మ చేతికి తొడిగాడు. తొడిగినంతసేపు లేదు, జారి ఇసకలో పడింది.

"కూడు లేక సిక్కిపోనాను. గాజెక్కడ నిలుస్తాది?" అంది పైడమ్మ.

ఆ మధ్యాన్నం కొర్లయ్య పడవ నీడన కునుకు తీస్తుంటే గంగమ్మ కలలోకొచ్చింది. "ఒరే కొర్లిగా, ఆ గాజు నాదిరా. సేతికి కాదు, సేపకి. అందులోంచి జారిపోయింది నా బిడ్డ, ఏట్లోకి ఒగ్గీ. జారనిది నీ కూడు" అంది.

కొర్లయ్య కల్లో కూడా బేరమాడే మనిషి. "మరి నెత్తళ్ళో తల్లీ? అవి ముసిలయిపోనా గాజులోంచి దూరిపోతాయి గదా!"

అమ్మవారు కూడా కాసేపు ఆలోచించిందంట. "సరే, నెత్తళ్ళు నీకే. గుడ్లెట్టే కాలంలో మాత్రం ఏటిజోలికి రాకు. కడుపుతో ఉన్నదాన్ని ఎప్పుడూ ముట్టకు" అనేసి మాయమైంది.

కొర్లయ్య లేచి, పైడమ్మకి కల చెప్పి, పాత వలని ఏట్లో వేశాడు. పడ్డవి కాసిన్ని, అన్నీ పిల్లలే. ఒక్కోటీ గాజులోంచి జారింది, ఒక్కోటీ ఏట్లోకి పోయింది. ఆఖర్న ఒక పండుగప్ప పడింది, చంటిపిల్లంత. గాజులో దాని మూతి కూడా పట్టలేదు. ఒడ్డున పిల్లలు గెంతులేశారు. "అమ్మా, పొయ్యి ఎలిగించు!"

పైడమ్మ దాని కడుపు నిమిరి ఆగిపోయింది. గుడ్లు.

నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. కొర్లయ్య పిల్లల వైపు చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు. "నువ్వే సెప్పే" అన్నాడు.

"నాకు తెలీనేదని ఎలగ సెప్పను? సేతికి తెలిసిపోనాది మావా. ఒగ్గీ."

కొర్లయ్య ఆ చేపని ఎత్తుకుని పీకల్లోతు దాకా నడిచాడు. ఏడుస్తూనే తిట్టాడు, తిడుతూనే వదిలాడు. "పో సెల్లీ, పో. పిల్లల్ని ఎంటేసుకుని రా. రానేదో, నీ సంగతి సూస్తాను!" ఆ పూట పిల్లలు నీళ్ళు తాగి పడుకున్నారు.

మర్నాడు కొర్లయ్య సన్న వలని ముక్కలు కోసేశాడు. అది చూసి ఊరూ కోసింది. రెండు వానాకాలాలు ఎలాగో నెట్టుకొచ్చారు. ఆ తర్వాత ఏట్లో చేప ఎంత దట్టంగా తిరిగిందంటే, కొంగలు కాలు తడవకుండా దాని మీద నడిచి అవతలి ఒడ్డుకి పోయాయి. నమ్మకపోతే కొంగల్నే అడగండి. అప్పుడే ఊరోళ్ళు గుడి కట్టి, చేపని కొలవడానికి గాజు తీసిచ్చిన చెయ్యని కుడి చెయ్యి బోడిగా ఉంచి తల్లిని నిలబెట్టారు.

ఇప్పటికీ ఆ గాజు గుడి గడప పక్కన వేలాడుతుంది. ఏ పడవ ఒడ్డుకొచ్చినా, అనుమానమున్న చేపని అందులోంచి జార్చి చూడాల్సిందే. పిల్లచేప దొరికిన వాడు దాన్ని పీకల్లోతు నీళ్ళలోకి మోసుకెళ్ళి, "తప్పయిపోనాది సెల్లీ" అని అందరి ముందూ చెప్పి వదలాలి. మా సంఘం ప్రెసిడెంటు కూడా మొన్నామధ్య చెప్పాడు, మీసం తడిసేదాకా నిలబెట్టాం. గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపమని ఇప్పుడు గవర్నమెంటోళ్ళూ అంటున్నారు. మంచిదే. మా తల్లి కబురు వాళ్ళకి కాస్త ఆలస్యంగా అందింది.

వేట ఆపే రోజునే మా జాతర. ఈ తల్లికి మొక్కితే ఉద్యోగాలొస్తాయో లేదో మేం చెప్పలేం గానీ, ఏరు మాత్రం ఎండదు, గంప ఖాళీగా ఇంటికి రాదు. ఆ రోజు వచ్చిన భక్తులకి భోజనం పెడతాం. ఊళ్ళో పిల్లలందరినీ ముందు కూర్చోబెట్టి కడుపునిండా తినిపిస్తాం. పెద్దోళ్ళం మాత్రం ఆ పూట నీళ్ళు తాగి పడుకుంటాం.