తూకం వేసి కొన్న ల్యాప్‌టాప్

2017 జూలై 10, సోమవారం. విజయనగరంలో పొద్దున్నించీ సన్నటి తుంపర పడుతూనే ఉంది. గాలి మాత్రం లేదు, ఒళ్ళంతా ఉక్క. ఏ వస్తువైనా చేత్తో ఎత్తి చూసి, బరువుంటేనే మంచిదని నమ్మే ఇత్తడి సామాన్ల వ్యాపారి గవర్రాజు ఆ మధ్యాహ్నం మనవరాలికి ల్యాప్‌టాప్ కొనడానికి ఆ పిల్లనే వెంటబెట్టుకుని, గొడుగు వేసుకుని బయలుదేరాడు.

ఇత్తడి వ్యాపారంలో అతని కొలత తప్పు కాదు. బిందె తేలిగ్గా ఉందంటే రేకు పలచన అని అర్థం. పలచటి బిందె నూతి గట్టుకి ఒక్కసారి తగిలితే చాలు, సొట్ట పడుతుంది. ఆ రోజుల్లో కొనేవాళ్ళు కూడా వేలి కణుపుతో కొట్టి మోత విని, ఎదురుగా తూకం వేయించి పట్టుకెళ్ళేవారు. స్టీలు వచ్చాక ఈ విద్య పోయింది. స్టీలు గిన్నెని ఎవరు కొట్టి చూస్తారు? సరే, అది వేరే సంగతి. గవర్రాజుతో వచ్చిన చిక్కేమిటంటే, ఈ కొలతని అతను బిందెల దగ్గర ఆపలేదు. గొడుగునీ, చెప్పులనీ, చివరికి డాక్టరు రాసిన మందు సీసాని కూడా ఎత్తి చూసేవాడు.

అతని పెద్దకొడుకు కూతురు నీలవేణి. తల్లీ తండ్రీ లేరు, తాతే పెంచాడు. ఆరేళ్ళ వయసులో వచ్చిన జ్వరానికి ఆ పిల్ల వినికిడి చాలావరకు పోయింది. చెవికి యంత్రం పెట్టించమని డాక్టరు చెప్పాడు. గవర్రాజు ఒప్పుకోలేదు. "యంత్రం పెడితే ఊరంతా ఈ పిల్లని చెవిటి గుంట అంటారు" అన్నాడు. అప్పటినుంచి ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఇత్తడి దుకాణంలో అందరూ అరిచే మాట్లాడతారు కనక బయటివాళ్ళకి తెలిసే అవకాశమూ లేదు. నీలవేణి తనంతట తానే పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంది. ఎదుటి మనిషి మొహం కనబడితే మాట అందేది. మొహం తిప్పుకుంటే అక్కడితో తెగిపోయేది.

ఇంటరు అయ్యాక ఆ పిల్ల టైపు నేర్చుకుంది. మా కాలంలో ఉద్యోగం కావాలంటే టైపు హయ్యరు పరీక్ష ప్యాసవ్వాలి. నేనూ అయ్యాను, ఉద్యోగం మాత్రం వేరే దారిలో వచ్చింది. టైపు మేష్టార్లు కీల మీద గుడ్డ కప్పి నేర్పేవారు. వేళ్ళు చూడకుండా కొట్టడం అలా వస్తుంది. నీలవేణికి అది వరమైంది. కళ్ళు ఎదుటి మనిషి పెదాల మీద ఉంచి, వేళ్ళతో ఆ మాటలన్నీ దించేసేది. కలంతో రాయాలంటే తల వంచాలి. తల వంచితే మాట పోతుంది.

ఆమెకి విశాఖపట్నంలో లా సీటు వచ్చింది. గవర్రాజు పొంగిపోయాడు. "మనింట్లో మొదటి ప్లీడరువి. చదువు పూర్తి చేసిరా, మేడమీది వాటా నీ పేర రాసేస్తాను" అన్నాడు. ఆ వాటాలో వీధివైపు కిటికీ ఉన్న గదిలో బల్ల వేసుకుని, గుమ్మం పక్కన తన పేరు బోర్డు పెట్టుకోవాలని నీలవేణి అప్పుడే అనుకుంది. సొంతమని చెప్పుకోడానికి ఆమెకి వేరే చోటు లేదు.

ల్యాప్‌టాప్‌ల దుకాణంలో కుర్రాడు అడిగాడు. "ఏం పనికి వాడతారమ్మా?"

అతను బీరువా వైపు తిరిగి అడిగాడు. నీలవేణికి అందలేదు.

"రాసుకోడానికి. లా చదువుతాది" అన్నాడు గవర్రాజు.

కుర్రాడు ఒక చిన్నది తీసి బల్ల మీద పెట్టాడు. నీలవేణి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తాత మొహం చూస్తూ నాలుగు వాక్యాలు కొట్టింది. కీలు చప్పుడు చెయ్యలేదు. పొద్దున్న ఛార్జి పెడితే సాయంత్రం దాకా ఉంటుందని కుర్రాడు చెప్పాడు.

"ఇదే తాతయ్యా. ముందు బెంచీ మీద ఇముడుతుంది."

గవర్రాజు దాన్ని ఒక చేత్తో ఎత్తాడు. మొహం చిట్లించాడు. వేలి కణుపుతో మూత మీద కొట్టి చూశాడు. "ఏటిది, అప్పడంలా ఉంది. రేకు."

"రేకు కాదండీ. ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి."

"నువ్వు పుట్టకముందునుంచీ సామాన్లు అమ్ముతున్నాను నాయనా. ఆ మూలనున్నదేటి?"

"అది ఆటలాడేవాళ్ళు కొనేదండీ. పాత మోడలు. బ్యాటరీ ఎంతోసేపు రాదు."

గవర్రాజు దాన్ని రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. మొహం విప్పారింది. "ఎంతుంటాది?"

"మూడు కిలోల పైనే. చిన్నది కిలో."

"ధర?"

"ఇంచుమించు ఒకటేనండీ."

"చూశావేటే? అదే డబ్బుకి మూడింతల సరుకు."

"నాకు బరువు వద్దు తాతయ్యా. నేను ముందే కూచోవాలి. మేష్టారి నోరు కనబడకపోతే..."

గవర్రాజు ఆమె చెయ్యి పట్టి ఆపాడు. గొంతు తగ్గించి, ఆమె మొహంలోకి చూస్తూ అన్నాడు. "ఆ సంగతి బజార్లో ఎత్తకు. నీ చెవికేటీ కాలేదు." కుర్రాడి వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "వెనక కూచున్నోళ్ళకి చదువు రాదేటి? కట్టియ్యి."

ఆ యంత్రాన్ని మోసుకుని నీలవేణి విశాఖ వెళ్ళింది. ఆ కాలేజీ బెంచీలు పాతకాలంవి. ముందు చెక్క సన్నగా, ఏటవాలుగా ఉండేది. సిరాబుడ్డి పెట్టుకునే గుంట కూడా ఇంకా ఉండేది. ఆ చెక్క మీద పెద్ద యంత్రం నిలిచేది కాదు, జారిపోయేది. ఒక చేత్తో పట్టుకుంటే రెండో చేత్తో టైపు సాగేది కాదు. కాసేపటికి దాని లోపలి ఫ్యాను రొద మొదలయ్యేది. ఆ రొద ఆమెకి వినబడదు కదా, పాఠం చెప్పే ఆయనకి వినబడేది.

"ఏమ్మా, పిండిమర వెంట తెచ్చుకున్నావా?" అన్నాడాయన ఒకరోజు. క్లాసంతా నవ్వింది.

మొదటి క్లాసు పూర్తికాక ముందే ఛార్జి అయిపోయేది. ప్లగ్గులు వెనక గోడకి మాత్రమే ఉన్నాయి. నీలవేణి చివరి బెంచీకి మారింది. అక్కడినుంచి మేష్టారి మీసం కనబడేది తప్ప పెదాలు కనబడేవి కావు. కలం పట్టి చూసింది. తల వంచిన ప్రతిసారీ సగం పాఠం పోయేది. పక్క పిల్లల నోట్సు అడిగింది. ఒకటి రెండుసార్లు ఇచ్చారు, తరవాత విసుక్కున్నారు.

దసరా సెలవులకి వచ్చి తాతని దుకాణంలోనే అడిగింది. అప్పుడక్కడ గవర్రాజు చిన్నకొడుకు, ఆమె బాబాయి సోమరాజు ఉన్నాడు. దస్తావేజులు రాసే పట్నాయక్ గారు కూడా కాఫీ తాగుతూ కూచున్నారు.

"దీన్ని ఇచ్చేసి చిన్నది కొను తాతయ్యా. లేదంటే నా చెవి సంగతి డాక్టరు చేత రాయించి కాలేజీలో ఇయ్యి. వాళ్ళు ముందు చోటిస్తారు, పాఠం రాసిన కాగితాలిస్తారు."

"భుజానికి బరువు అదే అలవాటవుతాది. కాయితం మాత్రం ఇయ్యను. మా వంశంలో చెవిటోళ్ళు లేరు."

"పెదాలు చూసి వింటాదంట నాన్నా" అన్నాడు సోమరాజు నవ్వుతూ.

గవర్రాజు పట్నాయక్ గారి వైపు తిరిగాడు. "మీరే చెప్పండి. పెదాలు చూసి వినడమేటండీ, కంటితో అన్నం తిన్నట్టు. అలాంటి విద్య లేదు. నా మనవరాలికి చెవులు బాగానే ఉన్నాయి, మనసే చదువు మీద లేదు."

పట్నాయక్ గారు నవ్వి కాఫీ గ్లాసు కింద పెట్టారు.

నీలవేణి మొదటి ఏడు తప్పింది. మళ్ళీ రాసి మళ్ళీ తప్పింది. పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసింది. గవర్రాజు ఆ కోపంలో పట్నాయక్ గారిని పిలిపించి వీలునామా రాయించాడు. దుకాణం, ఇల్లు, మేడ అన్నీ సోమరాజుకే. "చదువు తేలేని మనిషికి మేడెందుకు?" అన్నాడు. నీలవేణి తాను టైపు నేర్చుకున్న చోటే పనికి కుదిరింది. పెద్ద ల్యాప్‌టాప్ ఇత్తడి దుకాణానికి చేరింది. అక్కడ ప్లగ్గుకి తగిలించి సోమరాజు బిల్లులు కొట్టుకునేవాడు.

కొన్నేళ్ళకి గవర్రాజుకి పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. గొంతు పూర్తిగా పోయింది. తల మాత్రం ఆగకుండా వణికేది. అవునన్నా కాదన్నా ఒకటే వణుకు. పెదాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. సోమరాజు మంచినీళ్ళు పట్టాడు, దుప్పటి కప్పాడు, విసనకర్రతో విసిరాడు. ఏదీ కాదు. ముసలాయన కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

నీలవేణి పని నుంచి వచ్చి మంచం పక్కన పీట వేసుకుని ఎదురుగా కూచుంది. కాసేపు చూసింది.

"కిటికీ మూయమంటున్నాడు బాబాయ్. ఎండ కళ్ళలో పడుతోందట."

సోమరాజు కిటికీ మూశాడు. గవర్రాజు పెదాలు ఆగాయి. మనవరాలి మొహం మీదనుంచి అతను చూపు తిప్పలేదు.

అప్పటినుంచి ఆమే తాత గొంతు అయింది. ఆకలన్నా, నొప్పన్నా ఆమే చెప్పేది. ఇనప్పెట్టె తాళంచెవి ఎక్కడుందో తెలియక సోమరాజు ఇల్లంతా వెతుకుతుంటే, తాత పెదాలు చూసి ఆమే చెప్పింది. దేవుడి గదిలో పెద్ద గంట వెనక ఉంది. సోమరాజు తీసుకున్నాడు, తెరిచాడు. నీకెలా తెలిసిందని అప్పుడు అడగలేదు.

ఒక ఉదయం గవర్రాజు పట్నాయక్ గారిని పిలవమన్నాడు. ఆయన కాగితాలు తెచ్చుకుని మంచం పక్కన కూచున్నారు. నీలవేణి తాత పెదాలు చూస్తూ ఒక్కో మాటా చెప్పింది.

"దుకాణం సోముకి."

పట్నాయక్ గారు రాశారు.

"కింది ఇల్లు సోముకి."

రాశారు. గవర్రాజు పెదాలు మళ్ళీ కదిలాయి. నీలవేణి తల తిప్పి పట్నాయక్ గారి మొహం చూసింది.

"చెప్పమ్మా" అన్నారు పట్నాయక్ గారు.

"మేడమీది వాటా... నాకట."

సోమరాజు లేచి నిలబడ్డాడు. "ఆగండి పట్నాయక్ గారూ. ఇది ఎవరు చెప్పినట్టు? ఆయనా, ఈవిడా?"

"మొన్న తాళంచెవి ఎక్కడుందో చెబితే తీసుకున్నావు కదా బాబాయ్?"

"తాళంచెవి వేరు, మేడ వేరు."

పట్నాయక్ గారు కళ్ళజోడు తీశారు. మంచివారే, కానీ కాగితానికి భయపడే మనిషి. "అమ్మా, నీకు చెవుడని డాక్టరు రాసిన కాగితమేదైనా ఉందా? పెదాలు చూసి మాట చెప్పగలవని ఎవరైనా రాసిచ్చారా?"

"లేదండి. తాతయ్య వద్దన్నాడు."

"అవును, నా ఎదురుగానే అన్నాడు. అలాంటి విద్య లేదన్నాడు, కంటితో అన్నం తిన్నట్టన్నాడు. రేపు కోర్టులో నన్నడిగితే ఆ మాటే చెప్పాలి కదమ్మా. వేలిముద్ర ఎవరైనా వేయించుకోవచ్చు. ఆయన మాట నాకు తెలియాలి. తల చూస్తే ఒకటే వణుకు."

"సుబ్బరంగా చెప్పారు" అన్నాడు సోమరాజు.

పట్నాయక్ గారు రాసిన కాగితాన్ని మడిచి, కలానికి మూత పెట్టారు. గవర్రాజు పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ముందుకంటే వేగంగా, మళ్ళీ మళ్ళీ ఒకే మాట.

"ఏమంటున్నాడు?" అని అడిగారు పట్నాయక్ గారు గుమ్మం దగ్గర ఆగి.

"దాహం కాబోలు" అని సోమరాజు చెంబు అందుకున్నాడు. అది బరువైన ఇత్తడి చెంబు.

'మేడ నీకే' అన్న ఆ మాటని నీలవేణి ఒక్కతే చదివింది. ఆమె మళ్ళీ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాళ్ళు ఆ గదిలో లేరు.

ఆ వారంలోనే గవర్రాజు పోయాడు. పాత వీలునామాయే నిలిచింది. దుకాణం సోమరాజుకి వచ్చింది. కింది ఇల్లూ, మేడమీది వాటా కూడా అతనికే వచ్చాయి. పాత త్రాసు, తూకపు రాళ్ళు సోమరాజు పెద్దకొడుకు తీసుకున్నాడు. వీలునామాలో లేని ల్యాప్‌టాప్ కొన్నాళ్ళు దుకాణంలోనే ఉండి, ఒకరోజు ఆగిపోయింది. పాతసామాన్లు కొనేవాడు దాన్ని తూకానికి పట్టుకెళ్ళాడు. నీలవేణికి ఏమీ రాలేదు.

వస్తువు కొనేముందు దాని బరువు కాదు, వాడే మనిషి అవసరం అడగాలి. పరువు కోసం మనవాళ్ళ లోపాన్ని దాచిపెట్టేవాడు, ఆ లోపంతో పాటు వాళ్ళ శక్తిని కూడా పాతిపెడతాడు.