నీలం వ్యాను గడపలు

అనగనగా ఉప్పుమడుల ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో నూకరాజు అనే యువకుడు. వాడి దగ్గర పద్దెనిమిది వేల రూపాయలూ, కదలని ఒక నీలం వ్యానూ ఉండేవి.

ఆ వ్యాను వాడి నాన్న అప్పన్నది. ఒకప్పుడు ఊరికంతటికీ అదే రథం. తెల్లవారుతూనే కూలీలను ఉప్పుమడులకు చేర్చేది. బడివేళకు పిల్లలను ఎక్కించుకునేది. పురుటినొప్పులు మొదలైన ఇంటిముందు పిలవకుండానే ఆగేది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే చాలు, "అప్పన్న వచ్చేశాడర్రా!" అంటూ జనం ఎంగిలిచేతులతోనే లేచేవారు.

అప్పన్న పోయాక నాలుగు వానాకాలాలు ఆ బండి పెరట్లోనే నిలిచిపోయింది. ఉప్పుగాలి దాన్ని మెల్లమెల్లగా కొరికింది. తలుపుల కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగే ఇనుప రేకును ఆ ఊరివాళ్లు గడప అనేవారు. ఆ గడపలు రెండూ ఎలుకలు కొరికిన అప్పడాల్లా అయ్యాయి. కాళ్లు పెట్టుకునే నేలరేకులోంచి గడ్డి తల ఎత్తింది.

నూకరాజు లెక్కల్లో చురుకు. వేళ్లు ముడవకుండానే చెప్పేశాడు.

"అమ్మా, రేకుకు ఆరువేలు. వెల్డింగు సామాను అద్దెకు నాలుగు. రంగుకు మూడు. ఇంకా అయిదు మిగులుతుంది. వానలకు ఇరవై రోజులే ఉంది. ఈసారి కూడా తడిసిందంటే బండి పాత ఇనుము తూకానికే!"

తల్లి సన్యాసమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది.

"గడపలు మార్చుకో. డ్రైవరు సీటు ముందరి నేల మాత్రం ముట్టుకోకు. పాతికేళ్లు మీ నాన్న మడమ ఆనిన చోటది. గుంట పడింది, చూడు."

"గుంట కాదమ్మా, చిల్లు. చెయ్యి పెడితే కింద మట్టి తగులుతోంది."

"చిల్లయినా నాకు కావాలి" అంది సన్యాసమ్మ.

నూకరాజు అక్కడిదాకా వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుని, పాతకాలపు వెల్డరు కాశిం తాతను పిలుచుకొచ్చాడు.

తాత చిన్న సుత్తితో బండంతా తట్టాడు. మంచి రేకు ఖంగుమంది. కుళ్లిన రేకు తడి అట్టలా మూగగా ఉంది. ఎక్కడ మళ్లీ ఖంగుమనే మోత మొదలైందో అక్కడల్లా తాత సుద్దతో గీత గీశాడు.

"గీత లోపలిదంతా పోవాల్సిందే, మనవడా. అయితే కోసేముందు..."

ఆ మాట పూర్తి కాకముందే నూకరాజు సామాను అద్దెకు తేవడానికి పరుగెత్తాడు.

మధ్యాహ్నానికల్లా ఎడమ గడపను కొస నుంచి కొసకు కోసేశాడు. మరుక్షణం బండి మూలిగింది. నడుము దగ్గర కుంగింది. తెరిచిన తలుపు ఇక మూసుకోలేదు.

ఆ కాలంలో బండ్లు కూడా మాట్లాడేవి.

"నాయనా, గడప నా వెన్నెముక. వెన్ను లాగేసి నిలబడమంటే ఎలా నిలబడను?" అంది వ్యాను.

కంచె అవతలి నుంచి పాత ఇనుము కొనే గవర్రాజు సావుకారు తొంగిచూశాడు. "ఏరా నూకరాజూ, మీ గుర్రం కూలబడిందే! కాటా తెప్పించనా?"

నూకరాజు తల దించుకుని మళ్లీ కాశిం తాత దగ్గరికి వెళ్లాడు.

తాత నవ్వాడు. "సగం మాటకే పరుగెత్తావు, సగం పనికే కూలబడ్డావు. ఇప్పుడు పూర్తిగా విను. ముందు కింద జాకీ పెట్టు. తలుపు సందుకు లోపలివైపు అడ్డంగా మూడు ఇనుప కడ్డీలు అతికించు. అవి బండిని పట్టుకుంటాయి. అప్పుడు కొయ్యి. అదీ ఒక్కో వైపే."

నూకరాజు జాకీ తిప్పాడు. మొదటిసారి బండి ఎక్కువ లేచింది. రెండోసారి తక్కువైంది. మూడోసారి తలుపు ఠక్కున మూసుకుంది. కడ్డీలు అతికించాడు. ఎడమవైపు గడప, నేల కొత్తవయ్యాయి.

వానలకు ఇంకా ఎనిమిది రోజులుంది. కుడివైపు మిగిలింది. సుద్దగీత సరిగ్గా అప్పన్న మడమ గుంటను చుట్టి పోయింది.

ఆ పొద్దున సన్యాసమ్మ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. దిగలేదు.

నూకరాజు నాలుక చివర లెక్కలన్నీ సిద్ధంగా ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచాడు. అంతలో, ఊతం లేకుండా కోసినప్పుడు బండి మూలిగిన మూలుగు గుర్తొచ్చింది. నోరు మూసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

"అమ్మా, నాన్న ఈ బండిలో నిన్ను మొట్టమొదట ఎక్కడికి తీసుకెళ్లాడు?"

తల్లి ముఖం విచ్చుకుంది. "సముద్రానికి. మైలు దూరం, మూడు గంటలు పట్టింది. ప్రతి ఇంటిముందూ ఆపి బండి చూపించాడు మరి!"

"తర్వాత?"

"నువ్వు పుట్టాక ఆస్పత్రి నుంచి ఇంటికి. పసివాడు కుదుపుకు ఉలిక్కిపడతాడని ఎంత మెల్లగా తోలాడంటే, వెనకాల ఎడ్లబండివాడు దారి ఇమ్మని తిట్టాడు."

ఇద్దరూ నవ్వారు.

"ఆ తర్వాత?"

"తుఫాను ఏడు. పన్నెండు మంది పట్టే బండిలో నలభై మందిమి. చక్రాలు మునిగేటన్ని నీళ్లు. పిల్లలు ఏడుస్తుంటే మీ నాన్న వెనక్కి తిరిగి, 'నేల గట్టిదర్రా, భయపడకండి' అన్నాడు."

సన్యాసమ్మ కాళ్ల దగ్గరి చిల్లులోంచి కనబడుతున్న మట్టిని చూసింది.

"రాజూ, ఈ నేల మీద ఎవరినైనా ఎక్కమనేవాడా ఆయన?"

"అనేవాడు కాదమ్మా."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. వంగి, ఆ గుంటను ఒకసారి నిమిరి, బండి దిగింది.

"అయితే కొయ్యి."

"నాచేత మళ్లీ ఊళ్లో కూత పెట్టిస్తావన్నమాట" అని గొణిగింది వ్యాను.

ఈసారి నూకరాజు తొందరపడలేదు. జాకీ పెట్టాడు. మూడు కడ్డీలు అతికించాడు. తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి చూశాడు. ఆ తర్వాత కళ్లద్దాలు తగిలించుకుని, కోత మిషను అందుకుని, సుద్దగీత మీదికి వంగాడు.

కుళ్లినదాన్ని కోయక తప్పదు, పిల్లలూ! కానీ ఇనుమైనా, అమ్మ మనసైనా, ముందు ఊతం కట్టినవాడికే కోసే హక్కు.