ముందొచ్చినవాడి చేతిలో శ్రీ

అనగా అనగా... ముందు కాళ్ళు కడుక్కొచ్చారా? సరే. ఒక ఊళ్ళో ఒక వీధిబడి ఉండేదిట. ఊరి పేరు అడక్కండి, మా అమ్మ నాకు చెప్పలేదు. ఆ బళ్ళో ఒక ఆచారం. పొద్దున్నే అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో పంతులుగారు వేలితో శ్రీ రాసేవాడు. రెండోవాడి చేతిలో చుక్క పెట్టేవాడు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అయిదోవాడికి మూడు. ఇంక పదిహేనోవాడి గతేమిటో మీరే చెప్పండి!

ఊఁ కొడుతున్నారా, కునుకుతున్నారా?

ఆ బళ్ళో గున్నయ్య అని ఒక బండ పిల్లాడు. వాడికి బెత్తమంటే చచ్చేంత భయం. పోనీ పరిగెత్తి ముందుకెళతాడా? పొద్దున్నే ఆరట్లు మింగిన పొట్ట, ఎక్కడ పరిగెడుతుంది! అందుకని ముందున్నవాణ్ణి మెడ పట్టుకుని వెనక్కి లాగేవాడు. ఒకడికి మొట్టికాయ, ఒకడికి తొడపాశం, ఒకడికి వీపుమీద గుద్దు.

అందరిలోకీ చిన్నవాడు నూకరాజు. దారిలో గుద్దులు తిని, ఆలస్యమైనందుకు బళ్ళో బెత్తం దెబ్బలు తినేవాడు. ఇంక అన్నం తినడానికి చోటేదీ! తెల్లారితే చాలు, కడుపునొప్పి అనేవాడు. వాళ్ళమ్మ వాము నమిలించింది. దిష్టి తీసింది. ఆ మిరపకాయల ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గారు గానీ వాడి నొప్పి పోలేదు. ఆఖరికి ధాన్యం గాదెలో దూరి, చచ్చినా బడికి పోనన్నాడు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లాడర్రా, నాకైతే ఏడుపొస్తుంది.

పంతులుగారి కోడలు కామేశ్వరి ఈ మాట విని ఊరుకోలేదు. వాణ్ణి గాదెలోంచి బయటికి తీసి, బుజ్జగించి సంగతంతా లాగింది. రేపణ్ణించి కడపట వచ్చినవాడికే శ్రీ రాయండి, ముందొచ్చినవాడికి దెబ్బలెయ్యండి అని మామగారికి చెప్పింది. కోడలి మాట కాదంటే పులుసులో ఉప్పుండదని ఆయన సరేనని, బళ్ళో అందరికీ ఆ మాట చెప్పేశాడు.

మర్నాడు చూడాలి! గున్నయ్య కడపటివాడు కావాలిగా. ఒక్కొక్కణ్ణే ఎత్తుకెళ్ళి బళ్ళో దింపాడు. వీణ్ణి దింపితే వాడు కిటికీలోంచి దూకేవాడు, వాణ్ణి తెస్తే వీడు గుమ్మంలోంచి పరుగు. గంపకింద కోడిపిల్లల్ని కమ్మినట్టే, ఇటు కమ్మితే అటు! ఒక్క నూకరాజునే నాలుగుసార్లు మోశాడు. మధ్యాహ్నానికి గడపమీద చతికిలబడి భోరుమన్నాడు.

ఎందుకురా ఈ తోపులాటలు అని పంతులుగారు బెత్తం ఎత్తాడు.

"నేను వాళ్ళని కొట్టకపోతే మీరు నన్ను కొడతారు కదండీ!" అన్నాడు గున్నయ్య.

పంతులుగారు ఎత్తిన బెత్తం దించేశాడు. సిగ్గుపడి బెత్తం కోడలి చేతికిచ్చేశాడు. ఆవిడ దాన్ని కాకరపాదుకి ఊతం పెట్టింది. గున్నయ్య నూకరాజు ముందు చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీశాడు. ఆ రోజునించి ఎవరెప్పుడొచ్చినా అందరి చేతిలోనూ శ్రీయే. మర్నాడు నూకరాజు తల దువ్వించుకోకుండానే బడికి పరుగు, వెనకాలే దువ్వెనతో వాళ్ళమ్మ పరుగు.

మిమ్మల్నెవరైనా కొడితే కడుపులో దాచుకోకండర్రా, నాకు చెప్పండి. మీరెవర్నైనా కొట్టినా సరే, అదీ నాకే చెప్పండి.

కథేమో కంచికెళ్ళింది, మీరు దుప్పట్లోకెళ్ళండి.