లోపలికి రాని దేవుడు: యనగిజాకా వీధి మహిమ

జపాను దేశపు పడమటి తీరాన, కొండకూ రేవుకూ నడుమ యనగిజాకా అనే ఏటవాలు వీధి ఉంది. రాళ్ళు పరచిన బాట, ఇరువైపులా నల్లబారిన కొయ్య ఇళ్ళు, సాయంత్రమైతే కాగితపు లాంతర్లు. నాట్యం, గానం, చతురమైన సంభాషణ వృత్తిగా అభ్యసించిన గెయిషాలు తరతరాలుగా ఇక్కడ నివసిస్తున్నారు. వారి నాట్యం జరిగేది తేనీటి ఇళ్ళలో. తెలిసినవారు వెంట వచ్చి పరిచయం చేస్తే తప్ప ఆ ఇళ్ళలోకి ఎంతటివారినీ రానివ్వరు.

ఈ సంగతి తెలియక, బూట్లు విప్పి చేత పట్టుకుని మరీ గుమ్మం ఎక్కబోయి, ఎంతో మర్యాదగా వెనక్కి పంపబడినవారిలో ఈ వ్యాసకర్త ఒకడు. తిరిగి బూట్లు తొడుక్కుంటూ పక్కనున్న రాతి మీద చెయ్యి ఆనించబోతే, ఆ ఇంటి పెద్దావిడ కంగారుపడి "అయ్యయ్యో, ఆయన మీదా!" అంది. మా దుబాసీ ఆ మాట తెలుగులో చెప్పేలోగానే నేను చెయ్యి తీసేశాను. స్వామి దర్శనం నాకు ఆ విధంగా లభించింది.

స్వామి మోకాలెత్తు రాయి. గడ్డి గొంగడి కప్పుకుని కూర్చున్న ముసలివాడి రూపం. వీపు తలుపుకు, ముఖం రేవుకు. ఆ ఊరివారు ఆయనను 'వాకిటి అతిథి' అంటారు. గర్భగుడిలో ఉండవలసిన దేవుడు గుమ్మం బయట ఎందుకు కూర్చున్నాడో తెలిపేదే ఈ కథ.

పూర్వం ఇక్కడ ఒసుగి అనే వితంతువు ఒక తేనీటి ఇల్లు నడిపేది. ఆమె పెంచి నాట్యం నేర్పిన పిల్లలు ఇద్దరు, పెద్దది ఒమిత్సు, చిన్నది కొతొజి. ఒక వసంతంలో గెన్‌బెయి అనే ఓడ యజమాని ఒంటరిగా వచ్చాడు. పట్టుబట్టలు, తియ్యటి మాటలు. ఎవరు, ఎక్కడివాడు అని అడగకుండానే ఒసుగి లోపలికి పిలిచింది. కొన్నాళ్ళకు అతడు ఒమిత్సును రేవు చూపిస్తానని తీసుకువెళ్ళి, ఓడ ఎక్కించి లంగరెత్తాడు. ఆ పిల్ల మళ్ళీ కనబడలేదు. ఆమె వాయించే మూడు తీగల వాద్యాన్ని ఒసుగి గోడకు తగిలించి, ఇక మీదట పూచీపడే మనిషి లేనివారు, దేవుడైనా సరే, ఈ గడప దాటరాదని ఒట్టు పెట్టుకుంది.

పెట్టుకున్న ఒట్టును దేవుళ్ళు వింటూనే ఉంటారు. ఆ ఏడు మొదటి మంచు కురిసిన సాయంత్రం, గడ్డి గొంగడి కప్పుకున్న ముసలివాడొకడు తలుపు తట్టాడు.

"అమ్మా, మీ చిన్నపిల్ల నాట్యం చూసిపోదామని కొండ దిగి వచ్చాను."

"ఎవరి తాలూకు, పెద్దాయనా? మిమ్మల్ని ఎరిగినవారెవరు?"

"అందరూ ఎరిగినవాణ్ణే. కొండ మీది దేవుణ్ణి."

"అయితే మరీ కుదరదు. మనిషి తప్పు చేస్తే వాణ్ణి తెచ్చినవాడి ఇంటికి పోయి తిడతాను. దేవుడు తప్పు చేస్తే ఎవరింటికి పోను?"

ముసలివాడు గొంగడిని దగ్గరకు లాక్కున్నాడు. లోపల కొతొజి "అమ్మా, చలికి వణుకుతున్నాడే" అంది. ఒసుగి వేడి తేనీరు తెచ్చి ఆయన చేతికిచ్చి తలుపు వేసేసింది. ఆయన గుమ్మం ముందే చతికిలబడ్డాడు.

ఇంతలో రేవు నుంచి గెన్‌బెయి పైకి వచ్చాడు. వెంట నలుగురు నావికులు. ఈసారి అతడి కన్ను కొతొజి మీద.

"తలుపు తియ్యి, ఒసుగీ! నీ కట్టుబాటు రేవులో విన్నాను. అది కొత్తవాళ్ళకు కదా. నేను నీ తేనీరు తాగినవాణ్ణే, పాత చుట్టాన్ని!"

ఒట్టు పెట్టుకున్నప్పుడు ఒసుగి కొత్తవారినే తలచింది, పాతవాడి సంగతి ఆమెకు తోచలేదు. ఆమె కట్టిన గోడలో ఉన్న ఒకే ఒక్క సందు గుండా వాడు వస్తున్నాడు. ఆమె కొతొజిని వీపు వెనక దాచుకుంది.

అప్పుడు వాకిట్లోని ముసలివాడు తల ఎత్తకుండానే అన్నాడు.

"పాతవాడివే నాయనా, ఎవరు కాదన్నారు? కిందటిసారి ఈ ఇంటి నుంచి ఒక పిల్ల నీ వెంట వచ్చింది కదా. నీ సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆమెను పిలు. 'ఈయన మంచివాడు' అని ఆమె ఒక్క మాట అంటే నేనే లేచి దారి ఇస్తాను."

నావికులు గెన్‌బెయి ముఖం చూశారు, అతడు నేల చూశాడు. తర్వాత పళ్ళు కొరికి ముసలివాణ్ణి దాటబోయాడు. ఎత్తిన కాలు గాలిలోనే నిలిచిపోయింది. అతడు కేక పెట్టగానే నావికులు వెనుదిరిగి పరుగెత్తారు. కాలు నేలకు ఆనాక అతడూ కుంటుతూ వారి వెనకే పోయాడు. ఆ ఓడ మరి ఆ రేవుకు రాలేదు.

ఒసుగి ఏడుస్తూ తలుపు తీసింది. "స్వామీ, లోపలికి రండి" అంటూ మోకరిల్లేసరికి అక్కడున్నది రాయి. దాని ఒడిలోని తేనీరు ఇంకా పొగలు కక్కుతోంది.

రాతిని లోపల ప్రతిష్ఠించాలని ఆమె సంకల్పించింది. అయితే స్వామి కలలో కనిపించి ఇలా ఆనతిచ్చాడు. "నన్ను లోపలికి తేవద్దు. నీ కట్టుబాటు నాకూ నచ్చింది. పోయిన పిల్ల ఏనాడైనా తిరిగి వస్తే, వాలు ఎక్కి వస్తుండగానే చూసేందుకు ఒకరు బయట ఉండాలి. మొదటి మంచు నాడు మాత్రం తలుపు తెరిచి ఉంచి, నాట్యం వాకిటి వైపు తిరిగి చేయించు. నేనూ చూసినట్టుంటుంది, ఆమెకూ దారి తెలుస్తుంది."

ఆ ఆజ్ఞ నేటికీ చెల్లుతోంది. ఏటా తొలి మంచు సాయంత్రం ఆ ఇంటి తలుపులు బార్లా తెరుస్తారు. కొతొజి శిష్యపరంపరలోని గెయిషా వీధి వైపు తిరిగి నాట్యం చేస్తుంది. స్వామి ముందు ఒక గిన్నెలో, గడప లోపల ఒక గిన్నెలో తేనీరు పోస్తారు. లోపలిది ఒమిత్సుది. అది పూర్తిగా చల్లారాకే తలుపు మూస్తారు.

తక్కిన రోజుల్లో, పరిచయం లేని యాత్రికులు స్వామి పక్కన నిలబడి తేనీరు సమర్పించి, ప్రసాదంగా కొంచెం తాము తాగాలి. దారిన పోయే గెయిషాలను ఆపరాదు, వారి దుస్తుల వేలాడే చేతులు పట్టి లాగరాదు, అడగక ఫొటో తీయరాదు. అలా నడుచుకున్నవారి ఇంటి ఆడపిల్లలు ఎంత దూరం వెళ్ళినా క్షేమంగా తిరిగి వస్తారని నమ్మకం.

నేనూ సమర్పించాను. ప్రసాదం కాస్త చేదు. తాగుతుండగా ఒక గెయిషా చెక్క చెప్పుల చప్పుడుతో పక్కనుంచి వెళ్ళింది. కెమెరా సంచిలోనే ఉంచి తల వంచుకున్నాను. ఆమె రాతికి నమస్కరించి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. స్వామీ నేనూ ఇద్దరం రేవు వైపు చూస్తూ ఉండిపోయాం.