ముద్ద సలాం

ఇది అబద్ధమనిపించేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవచ్చు. మధ్యలో లేచిపోతే బాగుండదు. చివరిదాకా విన్నాక కూడా నమ్మకం కుదరనివాళ్ళ కోసం సాక్షి ఉంది, ఊరూ పేరూ సహా.

హైదరాబాదు యూసఫ్‌గూడలో, ఒక ఇస్త్రీ దుకాణం మీది అంతస్తులో సత్తార్ ఉస్తాద్ కొలువు. మట్టి లేదు, రాయి లేదు, ఉలి లేదు. కంప్యూటర్ తెరమీద పెన్నుతో శిల్పాలు చెక్కడం ఆయన విద్య. సినిమాల్లో గర్జించే మృగాలన్నీ ముందు ఆ గదిలో పురుడు పోసుకోవలసిందే. ఉస్తాద్ ఒకసారి దోమను చెక్కితే గదిలో ఉన్నవాళ్ళంతా వారంపాటు చేతులు గోక్కున్నారు. ఏనుగును చెక్కిన రోజున, స్లాబు కుంగుతోందని కింది ఇస్త్రీ ఆయన బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని నడిరోడ్డుకు పరుగెత్తాడు. అంతటి చెయ్యి అది.

ఆ చేతికింద నేర్చుకునేవాళ్ళలో ఆర్మూరు లింబాద్రి మొనగాడు. ముఖ్యంగా చర్మం పనిలో. చెమట రంధ్రాలు, మొటిమ మానిన గుంటలు, గడ్డం గీసిన మర్నాటి గరుకు, ఏదైనా సరే అతని పెన్ను తాకితే ప్రాణంతో లేచేది. అతను చెక్కిన ముసలి సేనాపతి బుగ్గలు చూసి ఒక చర్మవైద్యుడు అక్కడికక్కడే మందు రాసిచ్చాడు, పూటకు రెండుసార్లు పూయమని.

అంతటి లింబాద్రి ఆ చలికాలమంతా ఒక్క ముఖం దగ్గర ఓడిపోతూ వచ్చాడు.

ఆ ముఖం అతని అక్క గంగామణిది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. బీడీలు చుట్టి పెంచింది. అతని అన్నం బీడీలు, అతని చదువు బీడీలు, ఈ విద్య కోసం అతను ఎక్కిన బస్సు టికెట్టు కూడా బీడీలే. నిరుడు ఆ పొగాకు దుమ్మే ఆమె ఊపిరి తీసుకుపోయింది. మాఘమాసంలో సంవత్సరికం. ఆలోగా అక్క ముఖం చెక్కి, బొమ్మగా అచ్చు తీయించి, ఇంట్లో పెట్టాలని అతని పంతం. ఉన్న ఫొటో ఒక్కటే. ఎవరి పెళ్ళిలోనో వంగి వడ్డిస్తోంది. ముఖం సగం కొంగు చాటున, మిగతా సగం మసక.

"ఫొటో ఎందుకు? నా కండ్లల్ల ఉంది మా అక్క" అన్నాడు మొదట్లో.

కళ్ళల్లో ఉన్నది తెరమీదికి దిగలేదు. ముక్కు కాస్త సాగదీస్తే ఎవరో టీచరమ్మ. కురచ చేస్తే ఎవరో నర్సు. పెదవి మారిస్తే బస్సులో కిటికీ సీటు కోసం తగువాడిన మనిషి. నిజామాబాదు జిల్లాలోని ఆడవాళ్ళంతా వరసగా వచ్చి కూర్చుని లేచిపోయారు. అక్క మాత్రం రాలేదు.

రాని కొద్దీ అతను చర్మం మీద పడ్డాడు. కంటికింద గీతలు, గీతల మధ్య గీతలు, పొగాకు పొడి ఇంకిన రంధ్రాలు. ఆ ఫైలు ఎంత బరువెక్కిందంటే, తెరిచినప్పుడల్లా వీధిలో దీపాలు మసకబారేవి. కంప్యూటర్ ఊదే వేడిగాలికి పక్క కుర్చీలోని పుణ్యవతి తువ్వాలు ఆరేసుకునేది.

పుణ్యవతిది టెక్కలి. గుర్రాలు చెక్కుతుంది. నోరు ఊరుకోదు.

"ఏటయ్యా లింబాద్రీ, అది మీ అక్క మొగమా, జల్లెడా? మరో నాలుగు బెజ్జాలు ఎడితే పిండి జల్లించుకోవచ్చు."

మామూలుగా అయితే నీ గుర్రానికి గడ్డేసుకో పో అని ఉండేవాడు. ఆ రోజు ఇంకో నాలుగు రంధ్రాలు పొడిచాడు. పుణ్యవతికి భయం వేసింది.

"ముద్ద సలాం అయ్యిందా దీనికి?" అని అడిగింది, గొంతు తగ్గించి.

అది ఆ గది ఆచారం. ఎంత గొప్ప బొమ్మయినా ముందు ముడతా మెరుపూ లేని ఉత్త ముద్దగా ఉస్తాద్‌కు చూపించాలి. ఆయన గడప దగ్గర నిలబడి చూస్తాడు. అంత దూరం నుంచి ఆ ముద్దలోనే మనిషి తెలిస్తే సలాం చేస్తాడు. అప్పుడే మిగతా పని. తెలియకపోతే మొదటికి రావలసిందే.

"మా అక్కను నాకు ఇంకొకలు గుర్తుపట్టియ్యాల్నా?" అన్నాడు లింబాద్రి.

ఆ మాట అన్న కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, అతను పెన్ను కింద పెట్టి ఉస్తాద్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఆయన కమలాపండు ఒలుచుకుంటున్నాడు.

"ఊరికి పోత ఉస్తాద్."

"ఎన్నడొస్తవ్?"

"రాను."

ఉస్తాద్ ఒక తొన చేతికిచ్చాడు. లింబాద్రి దాన్ని తినలేదు, పారేయలేదు.

"ఆమె పానం పెట్టి నాకీ చెయ్యి ఇచ్చింది. ఈ చెయ్యి ఆమె మొకమే చెయ్యకపోతే ఇంక దేనికి? నరుక్కున్నా ఒకటే."

ఉస్తాద్ వేళ్ళు తుడుచుకుని లేచి వచ్చాడు. తనే లింబాద్రి కుర్చీలో కూర్చుని తెరను చాలాసేపు చూశాడు.

"చర్మం మస్తుగుంది" అన్నాడు. "ఎవరిది?"



ఆ విద్యలో పనంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. మీట నొక్కితే ఒక మెట్టు కిందికి దిగవచ్చు. పైమెట్టు సన్నపని మరుగైపోయి, దాని కిందున్న రూపం మిగులుతుంది. ఉస్తాద్ మీట నొక్కాడు. రంధ్రాలు పోయాయి. మళ్ళీ నొక్కాడు. గీతలు పోయాయి. కనురెప్పలు కరిగాయి, పెదవుల అంచులు కరిగాయి, ముక్కుపుటాలు పూడుకుపోయాయి. చలికాలమంతా పడ్డ కష్టం ఆయన కమలాపండు తిన్నంత సేపట్లో ఉడికిన చామదుంప అయింది.

"ఉందా మీ అక్క?"

"లేదు."

"పైమెట్టు మీద ఉండెనా?"

పుణ్యవతి తెరమీద గుర్రం సైతం చెవులు నిక్కించింది. లింబాద్రి తల అడ్డంగా ఊపాడు.

"ఆమెను ఏడ నిలబడి చూసేటోనివి, బేటా?"

"ఇంట్లనే."

"ఇంట్ల ఏడ?"

"గడపల. పొద్దుగాల సంచి ఏసుకొని, పోయొస్త అక్కా అంటుంటి."

"ఆమె?"

"ఒళ్ళె చాట పెట్టుకొని బీడీలు చుడుతుండె. పైలంగ పో అంటుండె."

"మొకమెత్తి?"

లింబాద్రికి చాట కనిపిస్తోంది. తునికాకు కట్ట కనిపిస్తోంది, కత్తెర, దారం, మరక పడ్డ వేళ్ళు, అన్నీ. తలెత్తితే చేతివేగం తగ్గుతుందని ఆమె ఎత్తేది కాదు. ఎత్తమని అతను ఎన్నడూ అడగలేదు. ఎప్పుడూ బస్సు తొందరే.

ఉస్తాద్ పెన్ను తీసుకున్నాడు. ముద్ద మెడను ముందుకు వంచాడు. ఇంకా వంచాడు, ముఖం ఉండవలసిన చోటు పూర్తిగా కిందికి పోయేదాకా. నడినెత్తిన ఒక్క గీత గీశాడు, పాపిటలా. మెడ వెనక ఒక్క ఒత్తు ఒత్తాడు, ఎముక పొడుచుకు వచ్చింది. మూడు లోకాల మృగాలకూ ప్రాణం పోసిన ఆ చెయ్యి ఆ రోజు చేసిన పని అంతే.

తర్వాత లింబాద్రి మోచెయ్యి పట్టుకుని గడప దాకా నడిపించి, వెనక్కి తిప్పాడు.

తెరమీద ముఖం లేదు. వంగిన తల, పాపిట, మెడ ఎముక.

లింబాద్రి చెయ్యి తనంతట తానే భుజంమీదికి పోయింది, అక్కడ లేని సంచి పట్టీ సర్దుకోవడానికి.

"పోయొస్త అక్కా" అన్నాడు.

ముద్ద తలెత్తలేదు.

ఉస్తాద్ నుదుటికి చెయ్యి ఆనించి సలాం చేశాడు. కింద ఇస్త్రీ పెట్టె చప్పుడు ఒకటి రెండుసార్లు వినిపించి ఆగింది. నలిగిపోయిన కమలాతొన ఇంకా లింబాద్రి గుప్పిట్లోనే ఉంది. రసం మణికట్టు దాకా కారింది.

"మరి మొకం, ఉస్తాద్?" అని అడిగాడు.

"చూసినంతే చెక్కు, బేటా."

లింబాద్రి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. పెన్ను ముట్టలేదు. మీట నొక్కి పైమెట్టుకు పోలేదు. పొద్దు వాలేదాకా ఆ పాపిటనే చూస్తూ ఉండిపోయాడు.

ఇందులో ఒక్క ముక్క కల్పన అనిపించినా టెక్కలి బస్సెక్కండి. ఇప్పుడక్కడే ఉంటోంది, గుర్రాలు చెక్కే ఆవిడ అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆ మధ్యాహ్నం అతనికి మూరెడు దూరంలో కూర్చుని, నోరున్నదై ఉండీ ఒక్క మాట మాట్లాడలేకపోయిన మనిషి ఆవిడే: బమ్మిడి పుణ్యవతి.