గోరింకల సాయంత్రపు గోల

ఒకప్పుడు గోరింకలకు సాయంత్రం గోల అనేదే లేదు. పొద్దు వాలితే ఏ గోరింక కొమ్మ మీదికి ఆ గోరింక చేరి, రెక్కలో ముక్కు దాచుకుని బుద్ధిగా పడుకునేది. నిజంగా! ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

ఆ రోజుల్లో ఒక చింతతోపులో నూకాలు అనే గోరింక ఉండేది. అబ్బో, దాని నోరు మామూలు నోరా! కాకుల దగ్గరికెళ్లి "కావ్ బావా, కులాసానా?" అనేది. కాకులు మురిసిపోయి మెతుకులు వదిలేవి. చిలకల దగ్గర ముద్దుముద్దుగా పలికి జామపండు కొట్టేసేది. కోళ్లలో దూరి కొక్కొక్కో అంటూ గింజలేరుకునేది.

"మన మాట మరిచిపోతావే పిల్లా!" అని పక్క కొమ్మ మీది పోలమ్మత్త మందలించేది.

"మన మాటకి పండు ఎవరు పెడతారత్తా?" అని నూకాలు తోక ఊపేది.

ఒక తెల్లవారుజామున నూకాలు గుడ్లు పగిలి మూడు పిల్లలొచ్చాయి. ఇక ఆగుతుందా! ఆ కబురు ప్రతి పిట్టకీ ఆ పిట్ట మాటలోనే చెప్పి రావాలని రోజంతా తిరిగింది. సాయంత్రానికి మెత్తటి పురుగొకటి పట్టుకుని గూటికొచ్చింది.

గోరింక పిల్లలకి పుట్టగానే కళ్లు కనబడవు. గుడ్డులో ఉండగా విన్న అమ్మ పిలుపు వినబడితేనే నోరు తెరుస్తాయి. లేకపోతే ఏ పామో అనుకుని ముడుచుకుపోతాయి.

నూకాలు పిలిచింది. "కావ్!" అని వచ్చింది. పిల్లలు బిక్కచచ్చిపోయాయి. మళ్లీ పిలిచింది. "కొక్కొక్కో!" ఊహూఁ, ఒక్క నోరూ తెరుచుకోలేదు. సొంత పిలుపు ఎంత వెతికినా నాలుక మీదికి రాలేదు. రోజంతా పస్తున్న పిల్లల మెడలు వాలిపోతున్నాయి. నూకాలుకి ఏడుపొచ్చేసింది.

పోలమ్మత్త చూసి ఊరుకుంటుందా? తోపులోని గోరింకలన్నిటినీ పోగేసింది. అన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి.

"ఊరందరి మాటా వచ్చు, కన్నపిల్లల్ని పిలవడం రాదా?"

"సిగ్గులేకపోతే సరి!"

"దీనికి చిన్నప్పటినుంచీ పొగరే!"

నూకాలు చాలాసేపు ఓర్చుకుంది. చివరికి పోలమ్మత్త "వాళ్లమ్మా ఇంతే!" అనేసింది. అంతే, నూకాలుకి ఒళ్లు మండిపోయింది.

"మా అమ్మనంటావా? నీ నోరు పడిపోను!" అని విరుచుకుపడింది. కాకి మాటలో కాదు, చిలక మాటలో కాదు. అచ్చమైన గోరింక మాటలో!

గూట్లో మూడు నోళ్లు ఠక్కున తెరుచుకున్నాయి.

"తిట్టవే, ఇంకా తిట్టు!" అంటూ పోలమ్మత్త పకపకా నవ్వింది. నూకాలు ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే పిల్లలకి పురుగు పంచి పెట్టింది.

అప్పటినుంచే గోరింకలు పగలంతా ఏ పిట్టతో ఆ పిట్ట మాట మాట్లాడినా, పొద్దు వాలేసరికి ఒకే చెట్టు మీద చేరి గొంతులు చించుకుని పోట్లాడుకుంటాయి. అరువు మాటలన్నీ దులిపేసుకుని, పిల్లలు గుర్తుపట్టే గొంతుతో గూటికి వెళ్తాయి.