మాంత్రికుడి ప్రాణం మోసిన జెల్ల

వినండర్రా! మబ్బులు దారి మరిచిపోయిన రోజుల్లో నాగవరం అనే దేశాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు, వాళ్ల తర్వాత హేలావతి అనే కూతురు. ఏడు సముద్రాల అవతలి కరాళుడనే మాంత్రికుడు వాళ్ల నదిని ఎత్తుకుపోయి తన కోటలో బంధించాడు. దేశమంతా బీడు పడింది.

నదిని తెస్తానని పెద్దన్న వెళ్లాడు, రాయైపోయాడు. చిన్నన్న వెళ్లాడు, వాడూ రాయైపోయాడు. హేలావతి బయలుదేరింది. ఆడపిల్లవి, నీకెందుకమ్మా అన్నాడు రాజు.

"అన్నలు మగవాళ్లే కదా నాన్నగారూ. రాళ్లు కాకుండా ఆగారా?"

రాజు సరేనన్నాడు. పోలినాయుడనే పడవవాడు ఒక్కడే తోడొస్తానన్నాడు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

కరాళుడు ఏదీ దాచలేదు. గర్వం అలాంటిది మరి. మరుగుతున్నట్టున్న ఒక నల్లనీళ్ల గుంట చూపించి, అందులోని జెల్లచేప కడుపులో తన ప్రాణం ఉందన్నాడు. దాన్ని చంపడానికి మూడు రోజులు గడువు, ఏ ఆయుధం అడిగినా తనే ఇస్తాడు, ఓడితే రాయి కావాలి. పెద్దన్న వల అడిగాడట. జెల్ల పక్కముళ్లు గడియల్లా బిగించి వలని చీల్చేసింది. చిన్నన్న ఈటె అడిగాడట. దాని ఒంటిమీద ఇంటి పెంకుల్లా రెండు వరసల కవచం, ఈటె జారిపోయింది.

హేలావతి ఏమీ అడక్కుండా గట్టున కూర్చుంది. బొటనవేలంత చేప. మీసాలతో అడుగు ఇసకంతా తడుముతోంది, నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదిలేస్తోంది. ఉండుండి రివ్వున పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోతోంది. హేలావతికి అర్థమైంది. ఆ నీళ్లలో దానికి ఊపిరాడటం లేదు.

"వాడి ప్రాణం ఎందుకు మోస్తున్నావే?" అని అడిగింది.

చేప కన్ను గీటినట్టు తిప్పింది. "నన్నడిగి పెట్టాడా? నా గుడ్ల మధ్య కుక్కాడు. గుడ్లు పెడితే అదీ బయటికొస్తుంది. కానీ చల్లటి కొత్తనీరు తగిలితేనే మా జాతి గుడ్లు పెడుతుంది. ఆ సంగతి వాడికి తెలీదు, కానీ ఈ గుంట కింద మంట ఎప్పుడూ ఆరదు."

హేలావతి కరాళుడి దగ్గరికి వెళ్లింది. రోజుకో గంగాళం చొప్పున మూడు గంగాళాల నది నీళ్లు కావాలంది.

వాడు పగలబడి నవ్వాడు. "నీళ్లు ఆయుధమా పిల్లా?"

"కాకపోతే నీకు భయమెందుకు? ఏదడిగినా ఇస్తానన్నది నువ్వు. ఆ మాట వెనక్కి తీసుకుంటావా, చెప్పు."

వాడు ఇచ్చాడు. కవచం గురించి తప్ప ఆ చేప గురించి వాడెప్పుడూ తెలుసుకోలేదు, అదే వాడి తప్పు. మొదటి గంగాళంతో నీరు చల్లబడింది. రెండోదానితో జెల్ల మీసాలు నిటారుగా లేచాయి. మూడోది పోయగానే అది పొట్ట కింది రెక్కలు దోసిలి పట్టి, అందులో గుడ్లు మోసుకెళ్లి ఒక్కొక్కటే గట్టు మీంచి నీళ్లలోకి వంగిన ఆకుకి అంటించింది. ఒక గుడ్డు మాత్రం నల్లగా ఉంది, ఆకుకి అంటలేదు.

కరాళుడు పరుగెత్తుకొచ్చాడు. హేలావతి నల్లగుడ్డు కోసం నీళ్లలో చెయ్యి పెట్టబోయింది.

"ఆగు. దీన్ని మోసింది నేను" అంది జెల్ల. పక్కముల్లు ఠప్పున విప్పి నల్లగుడ్డుని పొడిచింది.

కరాళుడు పిడికెడు బూడిదయ్యాడు. రాళ్లు అన్నలయ్యాయి. నది గోడలు బద్దలుకొట్టుకుని, జెల్లని, దాని గుడ్లని వెంటబెట్టుకుని నాగవరానికి పరుగు తీసింది.

సింహాసనం ఎవరిదన్న మాట వచ్చినప్పుడు అన్నలిద్దరూ తల వంచుకుని చెల్లెలికి దారిచ్చారు. హేలావతి పోలినాయుణ్ణి తనే అడిగి పెళ్లాడింది, అరవై ఏళ్లు ఏలింది. ఆమె చేసిన మొదటి చట్టం ఒకటుంది. నదికి కొత్తనీరు వచ్చిన మూడు రోజులూ ఎవరూ వల వేయకూడదు. పెద్దమనుషులు సభకొచ్చి, ఇంత చిన్న చేప కోసం ఇంత చట్టమా అని గొణిగారు.

"దాని కడుపు దానిది" అంది రాణి. "ఇంకేమైనా అడగాలా?"